గిటార్ యాంప్ మూగబోయిందా? పార్ట్ మార్చే ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

కడపలో గిటార్ మోగేది ఎక్కువగా చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ కుర్రాళ్ల బ్యాండుల్లో. ఈ మూడు చోట్లా యాంప్‌కు తీరిక ఉండదు. ఆటోలో కుదుపులు తింటుంది, షామియానా కింద ఎండకు కాగుతుంది, ఎవరు పడితే వాళ్లు నాబులు తిప్పుతారు. ఏదో ఒకరోజు ఆగిపోతుంది. అప్పుడు మెకానిక్ ముందు వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, లైటు ఎలుగుతాంది, సౌండు మాత్రం రాల్యా."

ఈ ఒక్క మాట వెనక ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. తెగిన కేబుల్ కావచ్చు, మసిబారిన జాక్ కావచ్చు, కాలిపోయిన ట్రాన్సిస్టర్ కావచ్చు. కారణం తెలియకుండానే ముందు ఐసీ మారుస్తారు, తర్వాత బోర్డు మారుస్తారు, చివరికి యాంపే మార్చేస్తారు. డబ్బు పోతుంది, మంచి యాంప్ పాతసామాన్ల కొట్టుకు చేరుతుంది. తప్పు దొరికేదాకా సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. తప్పును వెతికే దారి మొత్తం ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకే తెలియాలని కూడా లేదు. అందులో సగం పని గిటార్ వాయించేవాళ్లే చెవితో చేసుకోవచ్చు.

ముందు ధ్వని నడిచే దారి చూద్దాం. గిటార్ పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, మామూలుగా వోల్టులో పదో వంతు నుంచి ఒక వోల్టు దాకా. అది కేబుల్ ద్వారా ఇన్‌పుట్ జాక్‌కు వస్తుంది. అక్కడి నుంచి ప్రీయాంప్ దాన్ని పెంచి గెయిన్, బాస్, ట్రెబుల్ నాబుల గుండా పంపుతుంది. వెనక సెండ్, రిటర్న్ అని రెండు జాకులు ఉంటే సిగ్నల్ వాటిని దాటుకుని పవర్ యాంప్‌కు చేరుతుంది. పవర్ యాంప్ దానికి స్పీకర్‌ను కదిలించే బలం ఇస్తుంది. వీటన్నిటికీ తిండి పెట్టేది పవర్ సప్లై: ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్, పెద్ద కండెన్సర్లు.

చివరి మడికి నీళ్లు రాకపోతే రైతు కాలవ మొత్తం మొదటినుంచి తవ్వుకుంటూ పోడు. నడిమధ్యకు వెళ్లి చూస్తాడు. అక్కడ నీళ్లుంటే తప్పు కిందవైపు, లేకపోతే పైవైపు. యాంప్‌లో ఆ నడిమధ్య చోటు సెండ్-రిటర్న్ జాకుల దగ్గర ఉంటుంది. గిటార్ కేబుల్‌ను ముందువైపు కాకుండా నేరుగా రిటర్న్‌లో పెట్టి మీటండి. సౌండ్ సన్నగా అయినా వచ్చిందంటే పవర్ యాంప్, స్పీకర్, పవర్ సప్లై మూడూ బతికే ఉన్నట్టు. తప్పు ముందుభాగంలో ఉంది. రాలేదంటే వెనకభాగంలో ఉంది. ఇప్పుడు సెండ్ నుంచి ఇంకో యాంప్‌కు కేబుల్ వేయండి. అక్కడ సౌండ్ వస్తే ప్రీయాంప్ బాగున్నట్టే.

రెండూ బాగున్నాయి, అయినా మామూలుగా పెడితే సౌండ్ రావడం లేదా? అప్పుడు సెండ్‌కూ రిటర్న్‌కూ మధ్య ఒక చిన్న కేబుల్ కలపండి. వెంటనే యాంప్ పలికిందంటే దొంగ దొరికినట్టే. రిటర్న్ జాక్ లోపల ఒక సన్నని స్ప్రింగ్ రేకు ఉంటుంది. ప్లగ్ లేనప్పుడు అది పక్క రేకును తాకుతూ సిగ్నల్‌ను ముందుకు పంపుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ వాడకపోతే ఆ తాకే చోట నల్లటి పొర పట్టేస్తుంది. జాక్‌లోకి కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్ పదిసార్లు తోసి తీస్తే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. హెడ్‌ఫోన్ జాక్‌దీ ఇదే కథ. అందులోని రేకు పాడైతే హెడ్‌ఫోన్లో బ్రహ్మాండంగా వినిపిస్తుంది, స్పీకర్ మాత్రం పలకదు. ఇలాంటి యాంప్‌కు పవర్ ఐసీ మార్చితే ఏం లాభం?

ఈ పరీక్షకు ముందు కేబుల్ మార్చి చూడాలని వేరే చెప్పనక్కర్లేదు. గిటార్ కూడా మార్చి చూడండి. స్పీకర్ అనుమానం ఉంటే దాని వైర్లు విప్పి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి కొలవండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్లో 6, 7 దగ్గర చూపిస్తుంది, అది సహజమే. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టు. మీటర్ లేకపోతే పెన్సిల్ సెల్ వైర్లను ఒక్క క్షణం తాకించండి, కోన్ టప్పుమని కదలాలి.

ఇక సౌండ్ రాకపోవడం కాదు, రాకూడని సౌండ్ రావడం ఇంకో పెద్ద బాధ. దీన్ని అందరూ "హమ్" అనేస్తారు గానీ అందులో రకాలున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. కేబుల్ షీల్డు (లోపలి తీగను చుట్టి ఉండే అల్లిక) తెగినా, ఎర్త్ పోయినా, పికప్ చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా ఈ 50 హెర్ట్జ్ నేరుగా సిగ్నల్‌లోకి దూరుతుంది. పవర్ సప్లైలో బ్రిడ్జి రెక్టిఫయర్ కరెంటు అలలోని కింది సగాన్ని కూడా పైకి తిప్పుతుంది కాబట్టి అక్కడ పుట్టే అలలు సెకనుకు 100. వాటిని చదును చేయాల్సిన పెద్ద కండెన్సర్లు ఎండిపోతే వినిపించేది ఈ 100 హెర్ట్జ్ రొద. గిటారిస్టుకు దీన్ని పట్టుకోవడం తేలిక. మామూలు ట్యూనింగ్‌లో లావు తీగ మూడో ఫ్రెట్ మీద వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. యాంప్ రొద దానికి వెంట్రుకవాసి పైన ఉంటే మొదటి అనుమానం కండెన్సర్ల మీద. ఒక స్థాయి కింద, కడుపులో గుబగుబలాడినట్టు ఉంటే కేబుల్, ఎర్త్, గిటార్ వైపు చూడాలి.

వాల్యూమ్ నాబ్ కూడా సాక్ష్యం చెబుతుంది. పూర్తిగా తగ్గించినా హమ్ అలాగే ఉంటే అది వాల్యూమ్ తర్వాతి భాగంలో పుడుతోంది. తగ్గితే అంతకుముందే పుడుతోంది. గిటార్ పట్టుకుని నిలబడ్డచోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కులో హమ్ తగ్గి, ఇంకో దిక్కులో పెరిగితే యాంప్‌ది తప్పు కాదు, పికప్ గదిలోని కరెంటు గోలను పీల్చుకుంటోంది. ఒకే కాయిల్ ఉండే పికప్‌లకు ఇది పుట్టుకతో వచ్చిన గుణం. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపి హమ్‌బకర్ తయారుచేసింది దీన్ని వదిలించుకోవడానికే. చర్చి హాల్లో ఫ్యాన్ రెగ్యులేటర్ సగంలో ఉంటే గిటార్ బుర్రుమంటుంది, పూర్తిగా తిప్పితే ఆగుతుంది. దానికి యాంప్ విప్పడం ఎందుకు?

ఎర్త్ దగ్గర మాత్రం నేను తొందరపడను, మీరూ పడొద్దు. హమ్ తగ్గుతోందని మూడో పిన్ను విరిచేసేవాళ్లను, ఎర్త్ వైరు పీకేసేవాళ్లను మన ప్రాంతంలో చాలామందినే చూస్తాం. డెకరేషన్ పనుల్లో వాడే టూ కోర్ వైరులో ఎర్త్ అసలు ఉండనే ఉండదు. కువైట్ నుంచి తెచ్చిన యాంప్‌కు బ్రిటిష్ తరహా చదరపు పిన్నుల ప్లగ్ ఉంటుంది. మన సాకెట్‌లో పట్టదని దాన్ని కోసి టూ పిన్ ప్లగ్ వేస్తారు. రాయచోటి, రాజంపేట, కడప ఇళ్లలో గల్ఫ్ సామాన్లు కొత్తేమీ కాదు కాబట్టి ఈ కోతలూ కొత్త కాదు. ప్లగ్‌తో పాటు అక్కడ ఎర్త్ కూడా తెగిపోతోంది.

ఎర్త్ లేకపోతే ఏమవుతుంది? గిటార్ తీగలు కేబుల్ షీల్డు ద్వారా యాంప్ చాసిస్‌కు, అంటే లోపలి ఇనుప చట్రానికి, కలిసి ఉంటాయి. పాడేవాడి ముందున్న మైకు జాలీ మిక్సర్ చాసిస్‌కు కలిసి ఉంటుంది. యాంప్ లోపల ఎక్కడైనా కరెంటు చాసిస్‌కు తగిలి, దాన్ని భూమిలోకి పంపే ఎర్త్ లేకపోతే ఆ కరెంటు తీగల దాకా వచ్చి కూర్చుంటుంది. చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఆనితే దారి మనిషి గుండెల మీదుగా పూర్తవుతుంది. స్టోన్ ది క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ 1972 మేలో స్వాన్సీలో వేదిక మీదే ఇలా కరెంటు కొట్టి చనిపోయాడు. ఆనాడు సరైన ఎర్త్ లేని మైకును తాకాడు. పెదవికి జిల్లుమంటే నవ్వి ఊరుకునే అలవాటు మానాలి. పాడే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక ప్రోబు గిటార్ తీగకు, ఇంకోటి మైకు జాలీకి ఆనించండి. సున్నా దగ్గర ఉండాలి. పదుల్లో చూపిస్తే ఆ సెటప్‌తో కార్యక్రమం చేయకండి.

మన నేల ఎర్త్‌కు అనుకూలం కాదని కూడా గుర్తుంచుకోవాలి. పైన కాస్త మన్ను, కింద నాపరాయి. వేసవిలో ఆ కాస్త మన్నూ ఎండి బిగుసుకుపోతుంది. ఎండిన నేల కరెంటును సరిగ్గా తీసుకోదు. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి. చర్చి కట్టినప్పుడు తవ్వి మళ్లీ ఎవరూ తొంగిచూడని ఎర్త్ గుంతలు ఎన్నో ఉంటాయి. ఏప్రిల్ రాకముందే ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. ఎర్త్ బాగుండీ రెండు యంత్రాల మధ్య హమ్ వస్తుంటే దానికి మందు రెండు యంత్రాల మధ్య పెట్టే, గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె. అది సిగ్నల్ ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది, ప్రాణం కాపాడే ఎర్త్ జోలికి పోదు.

ఇప్పుడు ఫ్యూజు ఎగిరిపోయే యాంప్ సంగతి. కొత్త ఫ్యూజు వేసినా టప్పుమని పోతుంటే మూడోది వేయకండి, రాగి పోగు చుట్టడం అసలే వద్దు. లోపల షార్ట్ ఉంది. ఇక్కడ మన పాత రేడియో మెకానిక్కులు వాడే సిరీస్ బోర్డు కన్నా గొప్ప పరికరం లేదు. ఒక హోల్డరులో 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు, దానికి సిరీస్‌లో ఒక సాకెట్. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. స్పీకర్ విప్పి, యాంప్‌ను ఆ సాకెట్‌లో పెట్టి ఆన్ చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్ బాగుంటే బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి, కండెన్సర్లు నిండగానే ఎర్రటి వత్తిలా మిగులుతుంది లేదా ఆరిపోతుంది. షార్ట్ ఉంటే నిండుగా వెలుగుతూనే ఉంటుంది. కరెంటు హద్దు దాటకుండా బల్బు అడ్డుకుంటుంది కాబట్టి లోపల మామూలుగా కొత్తగా ఏమీ కాలదు.

నిండుగా వెలుగుతోందంటే ప్లగ్ పీకి, కండెన్సర్లు ఖాళీ అయ్యాక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోర్డుకు వెళ్లే వైర్లు విప్పి మళ్లీ చూడాలి. అప్పటికీ వెలిగితే ట్రాన్స్‌ఫార్మరే పోయింది. ఆరిపోతే తప్పు బ్రిడ్జిలోనో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలోనో ఉంది. ఇక్కడ కూడా నడిమధ్య చూడటమే. అమెరికా నుంచి వచ్చిన యాంప్ అయితే వెనక 120 వోల్టులని రాసి ఉందేమో ముందు చదవండి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను ప్లగ్ పీకేసి, మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో చూస్తారు. బేస్ నుంచి మిగతా రెండు కాళ్లకూ ఒక దిక్కులో 0.5 నుంచి 0.7 వోల్టుల మధ్య చూపాలి. ఆ రెండు కాళ్ల మధ్య, అంటే కలెక్టరుకూ ఎమిటరుకూ మధ్య, బీప్ వచ్చిందంటే అది షార్ట్. ఒకటి పోయేటప్పుడు దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్‌ను, ఎమిటర్ దగ్గరుండే 0.22 లేదా 0.33 ఓమ్‌ల తెల్ల రెసిస్టర్‌ను వెంట తీసుకుపోతుంది. పోయినదాన్ని మాత్రమే మార్చి ఆన్ చేస్తే కొత్తది కూడా క్షణంలో పోతుంది. 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 అనే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జతకు మార్కెట్లో నకిలీలు విపరీతం. నకిలీ తక్కువ వాల్యూమ్‌లో బాగానే పాడుతుంది, పండగ రోజు చేతులెత్తేస్తుంది. ట్రాన్సిస్టర్ కింద మైకా రేకు మరిచిపోతే చాసిస్‌కు షార్ట్ అవుతుంది, పేస్టు మరిచిపోతే వేడెక్కి పోతుంది.

స్పీకర్ కలిపే ముందు ఆ వైర్ల మధ్య డీసీ వోల్టులు కొలవాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులు ఉంటే ఫర్వాలేదు. వోల్టుల్లో ఉంటే రిపేరు ఇంకా అయిపోలేదు. ఆ డీసీ స్పీకర్ కాయిల్‌ను కాల్చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ఎందుకు కాలింది? రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు అవుతాయి, రెండు 4 ఓమ్‌లవి కలిపితే 2 అవుతాయి. 4 ఓమ్‌లకు తయారైన యాంప్‌కు 2 ఓమ్‌లు తగిలిస్తే ఎన్ని ట్రాన్సిస్టర్లు మార్చినా అంతే. ట్రాన్సిస్టర్ల వేడిని గాలిలోకి వదిలే హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము మందంగా పేరుకుందేమో చూడండి. బండల పాలిష్ ఫ్యాక్టరీల వైపు ఊళ్లలో ఆ పొడి ప్రతిదానిలోకీ దూరుతుంది. టీడీఏ2030, ఎల్ఎం3886 లాంటి ఐసీలకు వేడెక్కితే తమంతట తాము ఆగిపోయే రక్షణ ఉంటుంది. మధ్యాహ్నం ఆగి, సాయంత్రం దానంతటదే పలికే యాంప్‌లో ముందు గాలి ఆడేలా చేసి చూడాలి.

వేడి చేసే ఇంకో పని కంటికి సరిగ్గా కనబడదు. ప్రీయాంప్‌లోని 4558 లాంటి ఐసీలకు +15, −15 వోల్టులు కావాలి. పవర్ యాంప్ పెద్ద వోల్టుల నుంచి దాన్ని దించడానికి చాలా యాంపుల్లో రెండు లావుపాటి రెసిస్టర్లు పెడతారు. అవి ఎప్పుడూ కాలుతూనే ఉంటాయి. వాటి కింద బోర్డు గోధుమరంగులోకి మారి ఉంటుంది. బోర్డు తిప్పి, భూతద్దం పెట్టి ఆ కాళ్ల దగ్గర చూడండి. సోల్డరు గుండ్రంగా, మెరుస్తూ బాగానే ఉన్నట్టుంటుంది, కాలు చుట్టూ మాత్రం వెంట్రుకంత సన్నని నల్లటి వలయం కనిపిస్తుంది. కాలు సోల్డరు నుంచి విడిపోయిందనడానికి అదే గుర్తు. డ్రై సోల్డర్ అనేది దీన్నే. ఒకవైపు 15 వోల్టులు పోతే 8వ పిన్నులోనో 4వ పిన్నులోనో వోల్టేజీ ఉండదు. సున్నా దగ్గర ఉండాల్సిన 1, 7 పిన్నులు ఏదో ఒకవైపుకు ఒరిగిపోతాయి. సౌండ్ చిరిగినట్టు వస్తుంది లేదా అసలు రాదు. ఐసీ మారిస్తే ఏమీ మారదు. పాత సోల్డరు పీల్చేసి కొత్తది పెడితే సరిపోతుంది. యాంప్‌ను తడితే పలకడం, ఆటోలో వచ్చాక పలకకపోవడం ఈ జబ్బు లక్షణాలే. బోర్డు మీద ప్లాస్టిక్ లేదా ఎండు వెదురు పుల్లతో అక్కడక్కడా తడుతూ పోతే ఏ చోట గరగరమంటుందో తెలిసిపోతుంది.

కండెన్సర్లు మార్చాల్సివస్తే 85 డిగ్రీలవి కాకుండా 105 డిగ్రీలవి అడిగి తీసుకోండి. లోపలి వేడి 10 డిగ్రీలు తగ్గితే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, పెరిగితే సగమవుతుందని ఒక మోటు లెక్క. మన వేసవిలో గది వేడే 40 దాటుతుంది, ఇక పెట్టె లోపలి సంగతి చెప్పేదేముంది. వోల్టులు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ పనికిరాదు.

ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో నడిచే వాల్వు యాంప్ అయితే పైన చెప్పిన బయటి పరీక్షల దగ్గర ఆగిపోండి. అందులో 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. స్పీకర్ లేకుండా దాన్ని ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఎస్ఎంపీఎస్ (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేని స్విచింగ్ రకం పవర్ సప్లై) ఉన్న కొత్త డిజిటల్ యాంపుల్లోనూ 325 వోల్టుల కండెన్సర్ ఉంటుంది, సిరీస్ బల్బు కూడా అక్కడ సరైన జవాబు ఇవ్వకపోవచ్చు. వీటిని తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

తెలిసినవాళ్లు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారన్న నమ్మకం మాత్రం నాకు లేదు. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో 1938లో తెరిచింది రేడియో రిపేరు షాపు. అక్కడి నుంచే ఫెండర్ యాంపులు వచ్చాయి. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టు వాళ్లు తమ మొదటి యాంప్‌ను ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ చూసి తయారుచేశారు. గిటార్ యాంప్ పుట్టిందే రేడియో మెకానిక్ బల్ల మీద. ఏళ్ల తరబడి రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆహుజా మైక్‌సెట్లు బాగుచేసిన పెద్దమనిషి మన ఊళ్లో ఉంటే ఆయనకు ఇందులో తెలియనిది పెద్దగా ఏమీ ఉండదు. గిటార్ ఆయనకు అలవాటు లేదంతే. అందుకే యాంప్ ఒక్కటే ఇచ్చి రావద్దు. కేబుల్, స్పీకర్ బాక్స్, వీలైతే గిటార్ కూడా తీసుకెళ్లండి. "సౌండ్ రాల్యా" అని ఆపకుండా, రిటర్న్‌లో పెడితే వచ్చిందో లేదో, హమ్ ఏ స్వరంలో ఉందో, చల్లగా ఉన్నప్పుడు ఆగిందో వేడెక్కాక ఆగిందో చెప్పండి. పోయిన పార్టులు పారేయకుండా మీ చేతికి ఇవ్వమనండి.

రిపేరు అయ్యాక అక్కడే ఒక గంట మోగించమని అడగండి, మొహమాటపడొద్దు. మొదటి పది నిమిషాలు సిరీస్ బోర్డు మీద తక్కువ వాల్యూమ్‌లో, తర్వాత నేరుగా కరెంటు మీద మామూలు వాల్యూమ్‌లో. ఆ గంట తర్వాత హీట్ సింక్ మీద వేలు ఆనించగలిగితే, స్పీకర్ వైర్ల దగ్గర డీసీ మొదట చూపినంతే చూపిస్తే, ఆదివారానికి తీసుకెళ్లొచ్చు.